డెబ్బై రెండు ముద్ర ఉన్న గేరు

పోయినవారం జంగయ్యను ఎల్బీనగర్‌లో గజేందర్ ఇంటి గేటు ముందు నిలబెట్టి వచ్చాం. చేతిలో జమ్మి ఆకులు, అంగీ లోపలి జేబులో అరచేతిలో పట్టేంత గేరు, కడుపులో పద్దెనిమిదేళ్ల కుళ్లు. వారం నుంచి అక్కడే నిలబడి ఉన్నాడని జాలిపడకండి. కథలో గడిచింది రెండు నిమిషాలే. అతను గేటు తీసేలోగా, అసలు ఆ ఇంటికి ఎందుకు వచ్చాడో మరోసారి చెప్పుకుందాం.

జంగయ్యకు కొత్తపేట పండ్ల మార్కెట్ వెనక సైకిల్ షాపు ఉంది. గజేందర్‌కు ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర మోటార్ సైకిళ్ల మెకానిక్ షెడ్డు. ఇద్దరూ ఒకప్పుడు మలక్‌పేటలో సాయిలు ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నవాళ్లు, ఒకే డబ్బాలో అన్నం తిన్నవాళ్లు. ఉస్తాద్ దగ్గర ఇటలీ రేసు సైకిల్ ఒకటుండేది. రేసుకోర్సులో గుర్రాలకు పరుగు నేర్పే పెద్దమనిషి ఒకాయన డెబ్బై రెండులో దాన్ని తెప్పించుకున్నాడు. ఊరు వదిలి వెళ్తూ ఉస్తాద్ చేతిలో పెట్టి పోయాడు. ఉస్తాద్ మంచాన పడ్డాక ఆ సైకిల్ ముక్కలు ముక్కలై ఊరంతా చెదిరిపోయింది. సరిగ్గా అదే నెలలో గజేందర్ సైకిళ్లు మానేసి మోటార్ల పనిలోకి పోయాడు. ఉస్తాద్ పోయిన పదోరోజున జంగయ్య నలుగురి ముందూ అతన్ని ద్రోహి అన్నాడు. వాళ్లిద్దరి మధ్య అదే ఆఖరి మాట.

అప్పటినుంచి జంగయ్య ఆ ముక్కలన్నీ ఒక్కొక్కటిగా వెతికి పోగుచేస్తున్నాడు. పాత సామాను అంతా ఒకటే అనేవాళ్లను చూస్తే అతనికి ఒళ్లు మండుతుంది. మాదాపూర్ నుంచి ఆదివారాలు వచ్చే సాఫ్ట్‌వేర్ సైకిల్ పిచ్చివాళ్లకు అతను షాపు ముందు స్టూలేసి పాఠం చెబుతాడు. పాతదైతే చాలదట. ఒకే సైకిల్ మీద పుట్టిన ముక్కలు ఒకే ఏడాదివి కావాలి, ఆ ఏడాది ముద్ర వాటి మీద కనబడాలి. తళతళలాడే ముక్కను నమ్మకూడదు. పాలిష్ పెట్టారంటే పైపొర పోయినట్టే, ముద్ర అరిగినట్టే, దానితోపాటు విలువా పోయినట్టే. గీతలుండొచ్చు, మసకబారొచ్చు, జిడ్డు పట్టొచ్చు. ఎవరూ సింగారించని ముక్కే అసలు ముక్క.

అతని దగ్గర చక్రాల హబ్బులున్నాయి, పెడళ్లున్నాయి, తోలు సీటుంది, అన్నిటి మీదా డెబ్బై రెండు ముద్ర ఉంది. ఒక్క బ్రేకుల మీదే అక్షరాలు అరిగిపోయి ఉన్నాయి. ఎవడో తెలివితక్కువవాడు ఎమరీ కాగితంతో రుద్ది పాడుచేశాడని అందరికీ చెబుతాడు.

ఇక మిగిలింది గేరు. వెనక చక్రం పక్కన వేలాడుతూ, చైనును ఒక పళ్ల చక్రం మీంచి ఇంకో దాని మీదికి దాటించే ముక్క అది. అది లేకపోతే ఇన్నేళ్ల పోగూ ఉత్త పోగే. పది రోజుల కిందట ఉస్తాద్ భార్య సుక్కమ్మను చూడటానికి అబ్దుల్లాపూర్‌మెట్ వెళ్లినప్పుడు ముసలావిడ మాటల్లో మాటగా అనేసింది. "గేరా? అది గజేందర్‌కు ఇచ్చిండు గద బిడ్డా. మీ ఉస్తాదే, పోయే ముందల తన చేతుల్తోని ఇచ్చిండు."

గేరు అక్కడుందన్న సంగతి కన్నా, 'తన చేతుల్తోని' అన్న మాట జంగయ్యను ఎక్కువ కాల్చింది. మంచం పక్కన కూర్చుని గంజి తాగించింది తాను. ఇచ్చింది వాడికి! పది రోజులు అన్నం సహించలేదు. చివరికి ఒక ఉపాయం తట్టింది. అచ్చం అలాంటి గేరే అతని దగ్గర ఇంకొకటి ఉంది, బొంబాయి పాత బజార్లో కొన్నది. రూపం ఒకటే, ముద్ర మాత్రం డెబ్బై ఎనిమిది. మోటార్ల గజేందర్‌కు ముద్ర చూసే తెలివి ఎక్కడిది? ఇది పెట్టి అది తెచ్చుకుంటే సరి. పద్దెనిమిదేళ్లు మాట్లాడనివాడు ఆ ఇంటి గడప ఎలా తొక్కాలన్నదే చిక్కు. దసరా దానికి దారి చూపింది. జమ్మి పట్టుకుని వచ్చినవాణ్ని పగవాడైనా కాదనడు.

అదీ సంగతి. ఇప్పుడు జంగయ్య గేటు తీశాడు.

సకల జనుల సమ్మె మొదలై ఇరవై నాలుగో రోజు. బస్సులు డిపోల్లో పడుకుని ఉన్నాయి. జనం కొత్తబట్టలు కట్టుకుని విజయవాడ రోడ్డు నడిమధ్యన నడుస్తున్నారు. అటకల మీది పాత సైకిళ్లన్నీ కిందికి దిగి జంగయ్య షాపుకు వచ్చినందువల్ల నెల రోజులుగా అతనికి ఊపిరాడటం లేదు. తెలంగాణ రావాలని అతనికీ ఉంది. ఈ ఒక్క సాయంత్రం మాత్రం ముందు గేరు రావాలని ఉంది.

తలుపు తీసింది గజేందర్ భార్య శ్రీకళ. ఒక్క క్షణం తేరిపార చూసి, "అయ్యో, జంగయ్యన్నా! రాండ్రి, రాండ్రి. ఎన్నేండ్లాయె!" అంది.

"గజేందర్ లేడా, చెల్లె?"

గజేందర్ వయసులో ఏడాది పెద్ద. ఆ లెక్కన వదినె అనాలి. కానీ ఉస్తాద్ దగ్గర ఆరు నెలలు ముందు చేరింది తాను. కాబట్టి పెద్ద తానే, ఆమె చెల్లెలే. ఈ విషయంలో జంగయ్య ఎవరికీ తగ్గడు.

"చౌరస్త కాడ దీక్ష శిబిరంల ఉన్నరన్నా. జమ్మికి మొక్కి ఒస్తున్న అని ఇప్పుడే ఫోన్ చేసిండ్రు. కూసోండ్రి, గారెలు తెస్త."

ఆమె వంటింట్లోకి వెళ్లింది. జంగయ్య కూర్చోకుండా చుట్టూ చూశాడు. నున్నటి బండలు. పెద్ద ఫ్రిజ్జు. గోడ మీద పేపర్లోంచి కత్తిరించి ఫ్రేము కట్టించిన ఫోటోలో గజేందర్ మెడలో దండతో శిబిరంలో ముందు వరసలో కూర్చున్నాడు. ఆ రోజు జంగయ్య కూడా అక్కడే ఉన్నాడు. దగ్గరికెళ్లి వెతికితే, ఎవరిదో మోచేయి పక్కన తన చెవి ఒకటి కనబడింది. ఉద్యమంలో కూడా ముందు వరస వీడికే!

గోడవారన పీట మీద ఆయుధ పూజ. స్పానర్లు, స్క్రూడ్రైవర్లు, సుత్తెలు కడిగి వరసగా పేర్చి ఉన్నాయి. అన్నిటికీ పసుపు, కుంకుమ. మధ్యలో ఇత్తడి పళ్లెం, పళ్లెంలో తమలపాకు, ఆకు మీద గేరు.

జంగయ్య పీట దగ్గరికి వెళ్లాడు. వంగి చూశాడు. డెబ్బై రెండు. ముద్ర నిన్న కొట్టినంత స్పష్టంగా ఉంది. మిగతా పనిముట్లన్నీ మెరుస్తున్నాయి, ఈ ఒక్కటి మాత్రం మసకగా, సందుల్లో పాత జిడ్డుతో, ఉస్తాద్ చేతిలో ఎలా ఉండేదో అలాగే ఉంది. బొట్టు పెట్టారు తప్ప ఎవరూ రుద్దలేదు. అది చూసి సంతోషపడాల్సింది పోయి జంగయ్య ఇంకా ఉడికిపోయాడు. రుద్దకూడదని వీడికెవరు చెప్పారు? తనకు తెలియడానికి పదేళ్లు పట్టింది కదా!

పూజలో పెట్టిన పనిముట్టును ఉద్వాసన చెప్పకుండా కదిలించకూడదు. ఆ సంగతి తెలియని మెకానిక్ ఈ ఊళ్లో లేడు. వంటింట్లో నూనె చిటపటమంటోంది.

"ఉస్తాద్, మాఫ్ చెయ్యి" అని గొణుక్కుని గేరు తీశాడు. పంచె కొంగుతో దాని బొట్టు తుడిచి లోపలి జేబులో వేసుకున్నాడు. తెచ్చిన గేరును ఆకు మీద పెట్టి, భరిణలో బొటనవేలు ముంచి దానికి కుంకుమ అద్దాడు. శ్రీకళ గారెల పళ్లెంతో వచ్చేసరికి కుర్చీలో కూర్చుని ఫ్యాను వంక చూస్తున్నాడు.

ఆమె పళ్లెం అతని చేతికిచ్చింది. పీట వైపు చూసింది. కొంచెం ఎక్కువసేపే చూసింది.

"చెమటలు పోస్తున్నయేందన్నా? మంచినీళ్లు తేనా?"

"సైకిల్ తొక్కొచ్చిన గద, చెల్లె. ఏంలేదు" అన్నాడు జంగయ్య. గారె తుంచి మళ్లీ పళ్లెంలోనే పెట్టాడు.

అంతలో గేటు చప్పుడైంది. గజేందర్ లోపలికి అడుగుపెట్టి ఆగిపోయాడు. జుట్టు తెల్లబడింది, పొట్ట వచ్చింది, నుదుట జమ్మి దగ్గర పెట్టిన బొట్టు. జంగయ్య లేచి నిలబడ్డాడు. జమ్మి ఇచ్చే లెక్క ఇద్దరికీ తెలుసు. చిన్నవాడు పెద్దవాడి చేతిలో జమ్మి ఆకు, అంటే బంగారం, పెట్టి కాళ్లకు మొక్కాలి. ముందు ఎవరు వంగుతారు? ఇక్కడ గొడవ తప్పదని జంగయ్య దారి పొడుగునా మాటలు తయారుచేసుకునే వచ్చాడు.

అవసరం పడలేదు. గజేందర్ నాలుగు అంగల్లో వచ్చి, జేబులోంచి జమ్మి తీసి జంగయ్య చేతిలో పెట్టి, వంగి కాళ్లు పట్టుకున్నాడు.

"నువ్వే పెద్దోనివి, జంగన్నా. ఉస్తాద్ కాడ ముందుగాల చేరినోనివి."

పద్దెనిమిదేళ్లు నూరుకున్న కత్తికి కోయడానికేమీ మిగల్లేదు. వీడు తగ్గడంలో కూడా నన్ను మించాడే అని జంగయ్యకు ఏడుపొచ్చింది. గజేందర్ అతన్ని గట్టిగా వాటేసుకున్నాడు. ఇద్దరి ఛాతీల మధ్య గేరు ఒత్తుకుంది.

"ఏందే ఇది, గట్టిగ తాకుతుంది?"

"స్పానరు" అన్నాడు జంగయ్య.

గజేందర్ పకపకా నవ్వాడు. "పండుగ నాడు గూడ జేబుల స్పానరేనా! పూజల పెట్టలేదా దాన్ని? నువ్వు మారవు. శ్రీకళా, చూసినవా? నేను చెప్పలే? ఏదో ఒక దసరాకు జమ్మి పట్టుకొని రానే ఒస్తడని చెప్పలే?"

"ఏటేటా చెప్తనే ఉన్నరు" అంది శ్రీకళ. ఆమె గొంతులో పండగ లేదు.

గజేందర్ జంగయ్యను కూర్చోబెట్టి తాను నేల మీద చతికిలబడ్డాడు. "నువ్వు నన్ను ద్రోహి అన్నవు. అన్నది తప్పు గాదు. నాకు పెండ్లి కుదిరింది, సైకిళ్ల మీద ఇల్లు నడవదని భయమైంది, పోయిన. ఉస్తాద్ కోపం చేస్తడనుకున్న. చెయ్యలే. పిలిపిచ్చిండు. నువ్వు మందులకు పోయినవు ఆ పూట. దిండు కింద నుంచి గేరు తీసి నా చేతుల పెట్టిండు."

జంగయ్య పళ్లు బిగించాడు. "నీకెందుకిచ్చిండు? నేను లేననా?"

"గదే నేను గూడ అడిగిన. ఏమన్నడో తెల్సా? 'ఇది జంగయ్యది. వాని పానం సైకిళ్ల మీద ఉంది, ఎప్పటికన్న ఇవన్ని జమ చేసేది వాడే. కని ఇప్పుడిస్తే పాలిష్ పెడ్తడు' అన్నడు."

జంగయ్య పీట వైపు తల తిప్పుకున్నాడు. గజేందర్ ఆపలేదు.

"యాదికుందా? ఓ దసరాకు ఉస్తాద్ ఖుషీ అయితడని బ్రేకులు తీసి ఎమరీ కాగితంతోని రుద్ది రుద్ది అద్దంలెక్క చేసినవు. అచ్చరాలన్ని పోయినయి. నీ ముందల ఏమనలేదు గని, ఆయన ఆ రోజు బువ్వ తినలేదు జంగన్నా."

యాదికుంది. ఆ తెలివితక్కువవాడు ఎవడో జంగయ్యకు ఎప్పుడూ తెలుసు. షాపు ముందు స్టూలేసుకుని అందరికీ చెప్పే కథలో పేరొక్కటే దాచాడు. ఉస్తాద్ ఆ మెరుపు చూసి మురిసిపోయాడనే ఇన్నేళ్లూ అనుకున్నాడు. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి. అయినా ఆ సిగ్గు కింద కుళ్లు ఇంకా చావలేదు. నా తప్పు చెప్పుకోవడానికి కూడా ఉస్తాద్‌కు వీడే దొరికాడా?

"పాలిష్ పెట్టొద్దని వానికి సమజైన నాడు ఇయ్యి అన్నడు" గజేందర్ చెప్పుకుపోతున్నాడు. "నువ్వు మందికి పాఠాలు చెప్తున్నవని విన్న. ఇగ ఇయ్యాలె అనుకున్న. షాపుకొచ్చి ఇద్దామంటే బయటికి ఎల్లగొడ్తవేమోనని భయం. గందుకే ఏటేటా పూజల పెట్టి చూస్తున్న. గిప్పుడొచ్చినవు. తీస్కో."

అతను లేచి పీట దగ్గరికి వెళ్లాడు. చేతులు జోడించి ఉద్వాసన చెప్పాడు. రెండు చేతులతో గేరు ఎత్తి, కళ్లకద్దుకుని, తిరిగి వచ్చి జంగయ్య ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"చూడు, డెబ్బై రెండు. ఎంత మంచిగుందో..."

బొటనవేలితో కుంకుమ తుడిచాడు. వేలు ముద్ర మీద ఆగిపోయింది. లైటు కిందికి పట్టుకున్నాడు. ఇంకోసారి తుడిచాడు.

"ఎనిమిదేంది?" అన్నాడు. "డెబ్బై ఎనిమిదేంది?"

ముద్ర చూసే తెలివి వాడికెక్కడిదని జంగయ్య అనుకున్నాడు కదా. పద్దెనిమిదేళ్లు ఒక వస్తువును ఏటేటా కళ్లకద్దుకున్నవాడికి తెలివితో పనిలేదు. జంగయ్య నోరు తెరిచాడు. జేబులోంచి తీసి ఇచ్చేస్తే అయిపోయేది. చెయ్యి లేవలేదు.

"అది గాదు" అంది శ్రీకళ గుమ్మం దగ్గర నుంచి. "అసలుది పోయింది. బతుకమ్మకు ముందల ఇల్లు కడిగిన్నాడు పాత ఇనుప సామాన్లోనికి అమ్మిన దాంట్ల కలిసిపోయింది, సూస్కోలే. మీరు కోపం చేస్తరని గిసొంటిదే తెచ్చి పెట్టిన."

జంగయ్య ఉలిక్కిపడి ఆమె వైపు చూశాడు. ఆమె అతని వైపు చూడలేదు.

ఇలాంటిది ఎక్కడ దొరికిందని అడిగే తెలివి కూడా గజేందర్‌కు ఆ క్షణాన లేదు. అతను అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. గేరును పీట మీద పెట్టి, తల గోడకు ఆనించి, "ఒక్కదాన్ని, ఒకే ఒక్కదాన్ని దాచమన్నడు. దాచలేకపోయిన" అన్నాడు. భార్యను ఒక్క మాట అనలేదు. తర్వాత కళ్లు తుడుచుకుని లేచాడు.

"ఏ సామాన్లోడు?"

"సాగర్ రోడ్డు దిక్కెల్లి ఒస్తడు గద, వాడే."

"అక్కడ మూడు దుకాన్లున్నయి. పండుగైనా వాళ్లు అక్కడనే ఉంటరు." గజేందర్ చెప్పులు వేసుకుంటూ జంగయ్య భుజం పట్టుకున్నాడు. "జంగన్నా, పా. పోగుల్ల కలిస్తే నాకు తెల్వదు, చేత్తోని తడిమి గుర్తుపట్టేటోనివి ఈ పట్నంల నువ్వొక్కనివే. నా బండిల పెట్రోల్ లేదు, బంకులు బంద్. నీ సైకిల్ నేను తొక్కుత, నువ్వు ఎనక కూసో."

అతను గబగబా గేటు దాటాడు. జంగయ్య కదలబోతుంటే శ్రీకళ అడ్డంగా నిలబడి గొంతు తగ్గించింది.

"నేను బొట్టు ఉంగరం యేలితోని పెడ్తనన్నా. బొటనయేలు బొట్టు చూడంగనే సమజైంది."

"చెల్లె..."

"ఏ దసరాకైనా మీరొస్తరనే చూసిండు ఆయన. ఒచ్చిన నాడే మీ మీద దొంగ అన్న మాట ఆయన చెవుల పడొద్దని నా మీదేసుకున్న. గంతే. రాత్రి అన్నాలకు కూసునే దాంక ఈ అబద్ధం మోస్త. ఆ తర్వాత మోయ. అది ఆయన చేతుల మీరే పెట్టాలె."

ఇంత అబద్ధం తన కోసం మోసే మనిషి జంగయ్యకు లేదు. అతని ఇంట్లో ఉన్నదల్లా సైకిల్ ముక్కలు. ఉస్తాద్ నమ్మకం గజేందర్‌కే, ఇలాంటి ఇల్లాలూ గజేందర్‌కే. దొరికిపోయిన ఆ క్షణంలో కూడా జంగయ్యకు కలిగింది పశ్చాత్తాపం కాదు, అసూయ. అది తనకే తెలిసి, తన మీద తనకే రోత పుట్టింది.

బయట గజేందర్ సైకిల్ ఎక్కి గంట కొడుతున్నాడు. జంగయ్య వెళ్లి క్యారియర్ మీద కూర్చున్నాడు. కుర్రతనంలో మలక్‌పేట నుంచి మూసీ దాకా ఇద్దరూ ఇలాగే పోయేవాళ్లు. ఎదురుగా జమ్మి ఆకులు పట్టుకుని జనం వస్తున్నారు, ఆగి ఆగి కౌగిలించుకుంటున్నారు. చౌరస్తా శిబిరంలోంచి ఎవరో పిలిచినా గజేందర్ ఆగలేదు. పొట్ట అడ్డం పడి, ఆయాసపడుతూ తొక్కుతున్నాడు. పడిపోకుండా జంగయ్య అతని నడుం పట్టుకోవలసి వచ్చింది. అతని వీపుకూ జంగయ్య ఛాతీకీ మధ్య గేరు మళ్లీ గుచ్చుకుంది. ఈసారి గజేందర్ అదేమిటని అడగలేదు.

"జంగన్నా" అన్నాడు వెనక్కి తిరక్కుండా. "దొరుకుతదంటవా?"

ఇప్పుడు చెప్పేయొచ్చు. మొహం చూడనక్కర్లేదు, వీపుతో చెప్పుకోవచ్చు.

"దొరుకుతది" అన్నాడు జంగయ్య.

ఆ మాట నమ్మి గజేందర్ సాగర్ రోడ్డు వైపు ఇంకా గట్టిగా తొక్కాడు.